గట్టు మీద వయ్యారిభామ.. చేలో వేరుశనగకు చేటు

వేరుశనగ విత్తి మూడు వారాలైంది. మొలక బాగానే వచ్చింది. ఒకరోజు పొద్దున్నే చేలోకి పోయి చూస్తే అక్కడో మొక్క, ఇక్కడో మొక్క మొవ్వు నల్లబడి వాలిపోయి ఉంటుంది. లేత ఆకుల మీద మాడిన మచ్చలు, ఈనెల వెంట గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. ఆ మాడు ఆకు నుంచి కాడకు, కాడ నుంచి కాండానికి దిగుతుంది. కొద్దిరోజుల్లోనే మొక్క నిలువునా ఎండిపోతుంది. రైతు ఏం చేస్తాడు? చచ్చిన మొక్కలు పీకి గట్టు మీద పారేస్తాడు. ఆ తర్వాత మందుల అంగడికి పరుగెత్తుతాడు.

ఈ రెండు పనుల్లో దేనివల్లా పెద్దగా లాభం లేదు. పీకాల్సిన మొక్క చేలో లేదు. అది ఆ గట్టు మీదే పచ్చగా, తెల్లపూలు పూసి, ఏ రోగమూ లేనట్టు నిలబడి ఉంది. దాని పేరు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాం.

2000 సంవత్సరం ఖరీఫ్‌ను అనంతపురం జిల్లా రైతులు అంత తేలిగ్గా మరిచిపోరు. ఇప్పుడు రెండు జిల్లాలైంది గానీ అప్పుడు ఒకటే జిల్లా. ఆ ఏడు దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో వేరుశనగ ఈ తెగులు పాలైంది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటే అని లెక్క తేల్చారు. అప్పటికి నేను ఇంటర్ పాసై ఇంటి దగ్గరే సేద్యం చూసుకుంటున్నా. మా చేను కూడా పోయింది. మా నాయన అప్పు చేసి మూడుసార్లు మందు కొట్టించాడు. అంగడాయన ఒక్కోసారి ఒక్కో డబ్బా ఇచ్చాడు. ఆయన్ను అని లాభం లేదు, అది ఏం తెగులో అప్పటికి ఎవరికీ తేలలేదు. మొవ్వుకుళ్ళు తెగులు మనకు పాతదే కాబట్టి, ఇదీ అదేననుకున్నారు అందరూ.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రోగం పట్టిన మొక్కలు తీసుకుపోయి పరీక్ష చేస్తే మొవ్వుకుళ్ళు వైరస్ కాదని తేలింది. ఇది టొబాకో స్ట్రీక్ వైరస్. పేరులో పొగాకు ఉందని పొగాకు రైతులు కంగారు పడక్కర్లేదు. మొదట పొగాకులో గుర్తించారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది, అంతే. అంతకు మూడేళ్ల ముందు, 1997లో, మన సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడు చేలు ఇలాగే మాడిపోయాయి. అక్కడ చేసిన పనీ ఈ వైరస్సే అని తర్వాత తెలిసింది. వేరుశనగలో ఈ జబ్బుకు కాండంకుళ్ళు వైరస్ తెగులు అని పేరు పెట్టారు. ఈ పేరుతో ఒక చిక్కుంది. భూమిలోని బూజు వల్ల మొదలు దగ్గర కుళ్ళే తెగులును కూడా మనవాళ్లు కాండంకుళ్ళు అనే అంటారు. దానికి మందుంది. దీనికి లేదు. అంగడిలో అడిగేటప్పుడు ‘వైరస్’ అనే మాట వదలకండి.

వైరస్‌కు కాళ్లు లేవు, పళ్లు లేవు

వైరస్ అంటే ఏందో కొంచెం తెలుసుకుంటే మిగతా సంగతంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఇది పురుగు కాదు, బూజు కాదు. ఒక ప్రొటీను పొట్టు, ఆ పొట్టులో చుట్టిపెట్టిన ఆర్‌ఎన్‌ఏ అనే పోగు. అంతకు మించి ఏమీ లేదు. టొబాకో స్ట్రీక్ వైరస్ రేణువు ఎంతుంటుందంటే, ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో సుమారు 30 భాగాలంత. తినదు, పెరగదు, కదలదు. బతికున్న కణం లోపలికి పోతేనే దానికి పని.

మనిషి కణానికి బయట పలుచటి పొర ఒక్కటే ఉంటుంది. మనుషులకు వచ్చే వైరస్‌లు ఆ పొర మీద తమకు సరిపడే గొళ్లెం ఒకటి వెతుక్కొని, దాన్ని పట్టుకొని లోపలికి పోతాయి. కరోనా చేసింది అదే. మొక్క సంగతి వేరు. మొక్క కణానికి ఆ పొర బయట గట్టి గోడ ఉంటుంది. ఆ గోడను తొలుచుకుపోయే శక్తి వైరస్‌కు లేదు. ఆకు మీద లక్ష వైరస్ రేణువులు పడ్డా గోడ చెక్కుచెదరకుండా ఉంటే అవి బయటే చచ్చిపోతాయి. ఎవరో ఒకరు గోడకు కన్నం పెట్టాలి. ఆ కన్నం కూడా కణాన్ని చంపేసేంత పెద్దది కాకూడదు. కణం చస్తే వైరస్‌కు ఇల్లే లేదు.

ఆ కన్నం పెట్టేది తామర పురుగు. మిల్లీమీటరు పొడవు ఉంటుందేమో. పువ్వు దులిపితే అరచేతిలో గీతల్లా పాకుతుంటాయే, అవి. వీటి నోరు సూది కాదు. ఆకును గీరి, చీల్చి, కారిన రసాన్ని పీలుస్తాయి. ఆ గీరుడుతోనే వైరస్‌కు దారి దొరుకుతుంది.

అయితే వైరస్ ఆకు మీదికి ఎట్లా వచ్చింది? ఇక్కడే అసలు కథ ఉంది.

పుప్పొడి మీద సవారీ

వయ్యారిభామకు ఈ వైరస్ సోకితే పైకి ఏమీ తెలియదు. మచ్చ ఉండదు, మాడు ఉండదు. మామూలుగానే పెరుగుతుంది, పూస్తుంది. కానీ దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఒక్కో మొక్కకు వందల పూలు, వేలకు వేలు గింజలు. పూల నిండా తామర పురుగులు. పురుగు ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. పక్క చేలో లేత వేరుశనగ కనబడితే అక్కడికి పోయి వాలుతుంది. ఆకు గీరుతుంది. ఒంటి మీది పుప్పొడి ఆ గాయం మీద పడుతుంది, అందులోని వైరస్ గాయం గుండా కణంలోకి జారుతుంది. ఇంకో దారి కూడా ఉంది. గాలికి కొట్టుకొచ్చిన పుప్పొడి వేరుశనగ ఆకు మీద పడి ఉంటుంది. ఆ ఆకు మీద ముందే ఉన్న పురుగు గీరితే చాలు.

ఈ గుట్టు మొదట విప్పింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు, 1987లో. వాళ్లు పరీక్ష మొక్కల మీద రోగం ఉన్న పుప్పొడి చల్లి తామర పురుగులను వదిలారు. రోగం వచ్చింది. పురుగులు లేకుండా పుప్పొడి మాత్రమే చల్లితే రాలేదు. దొంగ వేరు, గోడకు కన్నం వేసినవాడు వేరు. ఇద్దరూ కలిస్తేనే దొంగతనం. ఒక వైరస్ ఇట్లా వ్యాపించగలదని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. ఆ పరిశోధన ముందే ఉండబట్టి 2000లో మనవాళ్లకు దారి త్వరగా దొరికింది.

మొవ్వుకుళ్ళు తెగులును కూడా తామర పురుగే తెస్తుంది కదా, తేడా ఏముందని అడగొచ్చు. చాలా ఉంది. మొవ్వుకుళ్ళు వైరస్ పురుగు కడుపులోకి పోతుంది. అది కూడా పిల్ల పురుగుగా ఉన్నప్పుడు రోగపు మొక్క రసం పీలిస్తేనే. ఆ వైరస్ పొట్టు మీద ఉన్న ప్రొటీన్లు పురుగు పేగు కణాలను పట్టుకొని లోపలికి పోతాయి. అక్కడ వైరస్ పెరిగి, పురుగు ఉమ్ములోకి చేరుతుంది. ఆ పురుగు రెక్కలొచ్చి ఎగిరినప్పటి నుంచి చచ్చేదాకా రోగం పంచుతూనే ఉంటుంది. రెక్కలొచ్చాక పోయి రోగపు మొక్కను పీల్చిన పురుగు మాత్రం ఏమీ చేయలేదు. అంటే ఆ వైరస్‌కు మొక్కా ఇల్లే, పురుగూ ఇల్లే. కాండంకుళ్ళు వైరస్‌కు పురుగు ఇల్లు కాదు, బండి మాత్రమే. పురుగు లోపలికి అది పోనే పోదు.

చేలో తేడా గుర్తుపట్టడం ఇట్లా. మొవ్వుకుళ్ళులో లేత ఆకుల మీద పసుపు వలయాలు వస్తాయి, మొవ్వు చస్తుంది. కానీ మొక్క వెంటనే చావదు. గిడసబారి, పక్క నుంచి చిన్న చిన్న ముడత ఆకులతో గుబురుగా పిలకలు వేస్తుంది. కాండంకుళ్ళులో ఆ గుబురు కనపడదు. మాడు మొవ్వు నుంచి కిందికి దిగి మొక్క త్వరగా పోతుంది. నెలలోపు సోకిన మొక్క దాదాపు బతకదు. ఆ తర్వాత సోకితే మొక్క నిలబడొచ్చు గానీ కాయలు చిన్నవై, పొట్టు మీద నల్లమచ్చలు పడతాయి.

లోపలికి పోయాక ఏం చేస్తుంది

ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఒకే పోగు కాదు, మూడు ముక్కలు. మూడూ వేరువేరు పొట్టుల్లో ప్రయాణం చేస్తాయి. మూడూ ఒకే కణంలోకి చేరాలి. నాగలి ఒక బండిలో, కాడి ఒక బండిలో, మోకులు ఇంకో బండిలో వేసి పంపినట్టు. మూడూ వస్తేనే దుక్కి సాగుతుంది. మొదటి రెండు ముక్కలు వైరస్‌ను అచ్చు తీసే పని చూస్తాయి. మూడోది పొట్టు తయారీ, పక్క కణంలోకి పోయే దారి చూస్తుంది.

విచిత్రం ఏమిటంటే ఆ మూడు ముక్కలు చేరినా చాలదు, పొట్టు ప్రొటీను కొంచెమైనా వెంట ఉండాలి. ఈ వైరస్‌కు దగ్గరి చుట్టమైన ఆల్ఫాల్ఫా మొజాయిక్ వైరస్ మీద నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలు 1971లోనే ఈ సంగతి కనిపెట్టారు. ఎందుకనేది తేలడానికి మరో 30 ఏళ్లు పట్టింది. కణం తన సొంత ఆర్‌ఎన్‌ఏలకు చివర ఒక తోక పెట్టుకుంటుంది. ఆ తోక ఉంటేనే ‘ఇది మనదే’ అని చదివి ప్రొటీన్లు చేస్తుంది. సొసైటీ కాగితం మీద సీలు ఉంటేనే ఎరువు ఇచ్చినట్టు. ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏకు ఆ తోక లేదు. పొట్టు ప్రొటీను వెళ్లి చివర అతుక్కొని దొంగ సీలులా పనిచేస్తుంది. 2001లో అదే లైడెన్ వాళ్లు చుట్టపు వైరస్ మీదే దీన్ని చూపించారు. కణం మోసపోయి వైరస్ పని మొదలుపెడుతుంది.

ఇక అక్కడి నుంచి గోడలు అడ్డం కావు. మొక్క కణాల మధ్య సన్నటి సందులు ఉంటాయి, తిండి, కబురు అటూ ఇటూ పోవడానికి. వైరస్ చేసిన ఒక ప్రొటీను ఆ సందులను వెడల్పు చేస్తుంది. కణం నుంచి కణానికి, అక్కడి నుంచి ఆకు చేసిన తిండిని మోసే నాళాల్లోకి. ఆ నాళాల వెంట లేత భాగాలకు, అంటే మొవ్వుకు. మొవ్వు ముందు ఎందుకు మాడుతుందో ఇప్పుడు తెలిసింది కదా. రోగం లోపలికి దిగాక ఆకు మీద ఏ మందు కొట్టినా అది కణంలోని వైరస్‌ను చంపదు. పురుగుమందు పురుగును చంపుతుంది, తెగుళ్ల మందు బూజును చంపుతుంది. వైరస్ ఈ రెండూ కాదు.

వేరుశనగ మొక్కను ఎందుకు పీకొద్దు

“రోగం వచ్చిన మొక్కను పీక్కపోతే పక్కదానికి అంటుకోదా అప్పా?” అని మొన్న కదిరి వైపు ఒక పెద్దాయన గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. చాలా తెగుళ్లలో పీకమనే చెబుతారు. ఇక్కడ మాత్రం వేరే లెక్క.

ఈ వైరస్ పుప్పొడి మీదనే ప్రయాణం చేస్తుంది. వేరుశనగ పువ్వు మూసుకొని ఉండగానే లోపలే పరపరాగం అవసరం లేకుండా పని కానిచ్చేస్తుంది. దాని పుప్పొడి పురుగు ఒంటికి అంటి బయటికి పోయే వీలు దాదాపు లేదు. కాబట్టి రోగం పట్టిన వేరుశనగ, రోగాన్ని తీసుకుంటుంది గానీ ఇవ్వదు. చేలో ఎన్ని మొక్కలు చచ్చాయంటే బయటి నుంచి అన్నిసార్లు రోగం వచ్చిందని అర్థం, ఒకదాని నుంచి ఒకదానికి పాకిందని కాదు. పీకితే లాభం లేకపోగా సందులు పడతాయి. మొక్కలు పలుచగా ఉన్న చోట తామర పురుగు ఎక్కువ వాలుతుంది. అందుకే విత్తనం మోతాదు తగ్గించి పలుచగా విత్తొద్దని కూడా శాస్త్రవేత్తలు చెబుతారు.

పొద్దుతిరుగుడు అట్లా కాదు. దాని పుప్పొడి దండిగా రాలుతుంది. పొద్దుతిరుగుడులో రోగం మొక్క కనిపిస్తే పూతకు రాకముందే పీకి పారేయాలి. వేరుశనగ పక్కన పొద్దుతిరుగుడు వేయకపోవడం ఇంకా మంచిది. పత్తి, మినుము, పెసర మీద కూడా ఈ వైరస్‌ను మన దేశంలో గుర్తించారు.

“మరి ఇత్తనంలో వస్తుందా?” అని కూడా ఆ పెద్దాయన అడిగాడు. వేరుశనగ విత్తనం ద్వారా రాదని పరీక్షల్లో తేలింది. కూలీల చేతుల ద్వారా, కొడవళ్ల ద్వారా వస్తుందనే భయం కూడా వద్దు, పిండిన రసంలో ఈ వైరస్ ఎక్కువసేపు నిలవదు. పుప్పొడి లోపలే దానికి రక్షణ. వయ్యారిభామ సంగతి మళ్లీ వేరు. దాని గింజల ద్వారా వైరస్ మొలకల్లోకి వస్తుందని ఆస్ట్రేలియాలో చూశారు. అంటే ఈ ఏటి గింజ వచ్చే ఏటి రోగం.

ఎప్పుడు, ఏం చేయాలి

2000లో ఏం జరిగిందో చూస్తే మనకు తేదీలు దొరుకుతాయి. ఆ ఏడు మొదట్లో వానలు బాగా పడ్డాయి. వయ్యారిభామ విరగబడి మొలిచింది. తర్వాత వాన మొహం చాటేసింది. ఎండకు తామర పురుగు పెరిగి చేల మీదికి ఎగిరింది. సరిగ్గా అప్పుడే వేరుశనగ లేతగా ఉంది. తొలి వానకు మొలిచిన వయ్యారిభామ నెల, నెలన్నరలో పూతకొస్తుంది. మనం విత్తేదీ ఆ మధ్యే. కాబట్టి తొలి వాన పడ్డాక, నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. పూత రాకముందు పీకితే కంపోస్టు గుంతలో కూడా వేసుకోవచ్చు. చేతికి తొడుగు, మూతికి గుడ్డ మరవొద్దు. ఒంటికి పడక దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. గడ్డిచేమంతి లాంటి కలుపు మొక్కల్లోనూ ఈ వైరస్ దొరికింది, వాటినీ వదలొద్దు. కానీ పెద్ద దొంగ వయ్యారిభామే.

దేశమంతా ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ నిర్మూలన వారోత్సవం జరుపుతారు. మంచిదే. కానీ మన వేరుశనగ రైతుకు అది ఆలస్యం. ఆగస్టు మధ్యకు చేలు నెల దాటి ఉంటాయి, వయ్యారిభామ పూలు దులిపేసి ఉంటుంది. బ్యానరు పట్టుకొని ఫొటో దిగేది జూన్‌లో దిగితే బాగుండు. వయ్యారిభామను తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరు వైపు వదిలారు. ఇప్పుడు మన దగ్గరా కనిపిస్తుంది. వానలు బాగా పడ్డాక ఆకు బోసిగా తినేస్తుంది గానీ, మొదటి పూతను ఆపుతుందని దాన్ని నమ్ముకోలేం.

ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేసుకుంటే చాలదు. రోడ్డు పక్క, బీడు, బడి ఆవరణ, చెరువు కట్ట కూడా కావాలి. పుప్పొడికి సర్వే నంబర్లు తెలియవు.

చేను చుట్టూ జొన్న, సజ్జ లేదా మొక్కజొన్న సాళ్లు వేయాలి. ఇక్రిశాట్ వారు 7 నుంచి 11 సాళ్లు చెప్పారు. అంత నేల ఎక్కడ వదలమంటారని రైతులు అడుగుతారు. అన్ని కుదరకపోతే కనీసం నాలుగు సాళ్లయినా, వయ్యారిభామ ఎక్కువ ఉన్న దిక్కున కొంచెం ఎక్కువగా వేసుకోండి. వేరుశనగతో పాటే విత్తాలి, తర్వాత వేస్తే అది ఎత్తు పెరిగేలోపు పురుగు వచ్చేసి ఉంటుంది. ఈ పైర్లు గోడలా నిలబడి పురుగును, పుప్పొడిని ఆపుతాయి. పశువులకు మేత కూడా దొరుకుతుంది.

విత్తనశుద్ధికి కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పట్టించాలి. లేత దశలో తామర పురుగు గీరుడు తగ్గుతుంది. మందు పెట్టేది ఇక్కడే పెట్టాలి. మొక్క చచ్చాక కొట్టే మూడు డబ్బాల ఖర్చుతో పోలిస్తే ఇది ఏ పాటి?

తట్టుకునే రకం లేదా అంటే, మనం పండించే రకాల్లో దీన్ని పూర్తిగా అడ్డుకునేది ఇదీ అని భరోసాగా చెప్పలేం. వేరుశనగకు చుట్టాలైన కొన్ని అడవి జాతులు ఈ వైరస్‌కు లొంగలేదని ఇక్రిశాట్ పరీక్షల్లో తేలింది. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ వారు వైరస్ పొట్టు ప్రొటీను జన్యువును మన కదిరి రకాల్లోకే ఎక్కించి, అవి తట్టుకుంటున్నాయని 2013లో ప్రచురించారు. అది రైతు చేతికి వచ్చే విత్తనం కాలేదు. 2017లో క్వీన్స్‌లాండ్ వాళ్లు ఇంకో దారి చూపించారు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్కను జంట పోగుగా చేసి, సన్నటి బంకమట్టి రేణువులకు పట్టించి పొగాకు ఆకు మీద పిచికారీ చేశారు. మొక్క ఆ ముక్కను చూసి, అలాంటి ఆర్‌ఎన్‌ఏ మళ్లీ వస్తే నరికేసేలా సిద్ధమవుతుంది. 20 రోజుల వరకు రక్షణ దొరికింది. వాళ్లు పరీక్షించింది వేరే వైరస్‌ల మీద, మన కాండంకుళ్ళు మీద కాదు. ‘వైరస్‌ను చంపే మందు’ అని ఎవరైనా సీసా చూపిస్తే మాత్రం, కొనే ముందు ఆ సీసా పట్టుకొని వ్యవసాయాధికారి దగ్గరికి పోండి.

చేలో అనుమానం మొక్క కనిపిస్తే నిర్ధారణకు రెండు మూడు మొక్కలు చాలు. పూర్తిగా ఎండినవి కాకుండా, ఇప్పుడిప్పుడే మొవ్వు మాడుతున్నవి ఏరుకోండి. వేళ్లతో సహా తీసి, తడి గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి అదే రోజు తీసుకుపోవాలి. అనంతపురం వైపు వాళ్లకు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, కదిరి వైపు వాళ్లకు కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర. గట్టు మీది వయ్యారిభామ పూతలో ఉందా లేదా, పక్క చేలో పొద్దుతిరుగుడు ఉందా, విత్తి ఎన్నాళ్లైంది అనేవి కూడా చెప్పండి, వాళ్లు మొదట అడిగేది అదే.